గిద్దలూరు వినపడని మోడెమ్

పని అంటే ఏమిటి

రేడియో మోడెములు చేసే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "సార్, ఏ మాడ్యులేషన్ మంచిది?" పెళ్లికి ఏ చీర బాగుంటుందని అడిగినట్టు అడుగుతారు. పుస్తకాల్లో దీనికి జవాబుంది. ఒక పట్టిక ఉంటుంది. ఏ పద్ధతిలో సెకనుకు ఎన్ని అక్షరాలు పోతాయో, ఎంత రొదలో ఎన్ని తప్పులు వస్తాయో అందులో చక్కగా రాసి ఉంటుంది. నేను కూడా హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా అలాంటి పట్టికలు గీసుకునే బతికాను. ఆ పట్టికలో లేనిది చెబుదామని ఇది రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మోడెమ్ అంటే కంప్యూటర్లో మనం కొట్టిన అక్షరాలను రేడియో మోసుకుపోగలిగే శబ్దంగా మార్చే డబ్బా. అవతలి ఊళ్లో ఇంకో డబ్బా ఆ శబ్దాన్ని మళ్లీ అక్షరాలుగా మారుస్తుంది. ఏ అక్షరానికి ఏ శబ్దం, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్న ఒప్పందం పేరే మాడ్యులేషన్. రాచర్ల వైపు గొర్రెల కాపరులను చూడండి. కొండకు అవతలున్న మనిషిని పిలవాలంటే ఒకే కూతను సాగదీసి నాలుగైదు సార్లు వేస్తారు. అదే మనిషి పక్కనొచ్చి కూర్చుంటే గలగలా మాట్లాడతారు. దూరం, రొద ఎక్కువైతే తక్కువ గుర్తులు, నిదానం. దగ్గరైతే ఎక్కువ గుర్తులు, వేగం. ఇంతకు మించిన బ్రహ్మవిద్య ఇందులో లేదు.

అయితే ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది ముందుగా ఎవరో ఒకరు తేల్చాలి. మోడెమ్ చేసేవాడి అసలు పని అదే. ఆ పనిలో నేను రెండుసార్లు తప్పు చేశాను. మొదటిసారి మా బాసు దిద్దారు. రెండోసారి దిద్దడానికి ఎవరూ లేరు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఇది ఒంటరి పని. మనం చేసే వస్తువు నలుగురిని కలపడానికే, కానీ చేసేటప్పుడు మాత్రం గదిలో మనమూ రొదా తప్ప ఎవరూ ఉండరు. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే పనుందని చెప్పేవాణ్ని, అది సగం నిజం. రిటైరయ్యాక మార్కాపురం వచ్చి పలకల పనివాళ్లుండే వీధిలో ఒక మేడగది తీసుకుని ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటున్నాను.

మోటారు ఆగినప్పుడే వినే మిషను

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నాకిచ్చిన పని ఇది. త్రిపురాంతకానికి అవతల ఒక పల్లెలో ఊరి బయట బోరు, ఊళ్లో గట్టు మీద నీళ్ల ట్యాంకు ఉన్నాయి. ట్యాంకు నిండగానే అక్కడి మోడెమ్ బోరు దగ్గరి మోడెమ్‌కు "ఆపు" అని కబురు పంపాలి. మోటారు ఆగాలి. అంతే. పని చిన్నదే కదా అని నా తెలివి చూపించుకోవాలనుకున్నాను. నిదానంగా పోయే రెండు టోన్ల, అంటే రెండే స్వరాల, పద్ధతి పాతదని పక్కనపెట్టి, నాలుగు రెట్లు వేగంగా పోయేదాన్ని ఎంచుకున్నాను. ఆఫీసు బల్ల మీద మూడు రోజులు ఒక్క తప్పు లేకుండా నడిచింది.

పల్లెలో బిగించిన రోజే ట్యాంకు పొర్లి వీధంతా బురదైపోయింది. మరుసటి రోజూ అంతే. మా బాసు శేషగిరి గారు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లారు. ఆయన మాట కటువు, కానీ ఏ తప్పునూ కింది వాడి మీదికి తోసేవారు కాదు. మోటారు చూసుకునే దానియేలు మమ్మల్ని చూడగానే లుంగీ దించుకుని వచ్చాడు.

"సార్, మీ మిషను మంచిదే గానీ దానికొక పిచ్చుంది," అన్నాడు.

"ఏం పిచ్చి?" అన్నారు శేషగిరి గారు.

"మోటారు ఆగినప్పుడు ఎంతైనా వింటాది సార్. మోటారు తిరిగేటప్పుడు మాత్రం ఎంత అరిసినా వినదు. ఆగినోడికి ఆగమని చెప్పేదేంది సార్?"

శేషగిరి గారు పకపకా నవ్వారు. నాకు నేల చీలితే బాగుండనిపించింది. విషయం దానియేలు చెప్పినంతే. మోటారు తిరిగేటప్పుడు దాని స్టార్టర్ దగ్గర వచ్చే రొద రేడియోను ముంచేస్తోంది. కబురు చేరాల్సిందే మోటారు తిరిగేటప్పుడు. మా ఆఫీసు బల్ల మీద మోటారు లేదు కాబట్టి నా పట్టికలో ఆ రొదా లేదు.

శేషగిరి గారు నన్ను తిట్టలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బోరు షెడ్డులో కూర్చోబెట్టారు. "మీటరు చూడొద్దు. విను," అన్నారు. విన్నాను. మోటారు మొదలైనప్పుడు, కరెంటు తగ్గినప్పుడు, బెల్టు జారినప్పుడు ఏ రొద ఎట్లా మారుతుందో చెవికి తెలిసింది. మధ్యాహ్నం దానియేలు వాళ్లింటి నుంచి జొన్నరొట్టె, పచ్చిమిరప కారం తెచ్చి పెట్టాడు. తిరిగి వచ్చాక మళ్లీ రెండు టోన్లకే మార్చి, ప్రతి కబురూ మూడుసార్లు పోయేట్టు చేశాను. ఆ తర్వాత ట్యాంకు పొర్లిందని ఎవరూ అనలేదు.

తిరుగు ప్రయాణంలో శేషగిరి గారు అన్న మాట నేను కంపెనీలో చేరిన ప్రతి కొత్తవాడికీ చెప్పాను. "నీ మోడెమ్‌ను మంచి గంటకు చెయ్యకు, చెడ్డ గంటకు చెయ్యి." ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చిన ఆ మాట, నాకే అవసరమైన రోజున గుర్తుకు రాలేదు.

నాలుగు ఊళ్లు, ఒక పలక

మార్కాపురం వచ్చాక నాకు మిగిలింది హామ్ రేడియో. లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునే వాళ్లను హాములంటారు. మా వైపు నలుగురం ఉండేవాళ్లం. మార్కాపురంలో నేను, పొదిలిలో ఎరువుల దుకాణం నడిపే బ్రహ్మయ్య, త్రిపురాంతకంలో కాలేజీ లెక్చరరు సుందరరావు, గిద్దలూరులో ఖాదర్ బాషా.

ఖాదర్ బాషా టేప్ రికార్డర్లు, రేడియోలు, ఆపైన టీవీలు బాగుచేసి బతికిన మనిషి. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, చేతిలో విద్య మాత్రం నా డిగ్రీల కంటే పెద్దది. తన రేడియో తనే కట్టుకున్నాడు. దాని శక్తి చాలక, పాత సామాన్లలోంచి తీసిన ట్రాన్సిస్టర్లతో ఒక యాంప్లిఫయర్ కూడా కట్టాడు. దాన్ని వేరుశనగ నూనె డబ్బాలో బిగించాడు కాబట్టి దాని పేరు డబ్బా అయింది. "నా డబ్బా వేడెక్కింది రమణా, ఐదు నిమిషాలు ఆగు," అనేవాడు రేడియోలో. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నన్ను సార్ అనకుండా పేరు పెట్టి పిలిచే మనిషి ఈ జిల్లాలో ఆయన ఒక్కడే.

కొన్నేళ్ల కిందట ఆయన గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు గానీ మాట పోయింది. రేడియోలో గంటలు గంటలు మాట్లాడిన మనిషి ఒక్క మాట పలకలేకపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి నేను ఒక మోడెమ్ చేసి పట్టుకెళ్లాను. అందులో ఎనిమిది టోన్ల పద్ధతి పెట్టాను. ఒకసారికి ఒకే టోను, అన్నీ ఒకే గట్టిదనంతో, పిల్లనగ్రోవి నేర్చుకునే వాడు వాయించినట్టు మెల్లగా పోతాయి. ఒక్క వాక్యం పోవడానికి అర నిమిషం పడుతుంది. తెలుగు అక్షరాలు పోయేట్టు నేనే ఒక పట్టిక కట్టాను. ఆ మోడెములో ఇంకేమీ గొప్పలేదు. మబ్బులొచ్చినా, ఉరుములొచ్చినా, కరెంటు దిగజారినా అక్షరం మాత్రం చేరేది.

మిగతా ముగ్గురమూ అలాంటి మోడెమే పెట్టుకున్నాం, ఆ రోజు నుంచి మాకు సాయంత్రం ఆరు గంటల హాజరు మొదలైంది. నేను పిలుస్తాను. "గిద్దలూరు?" అని కొడతాను. ఆ ఎనిమిది టోన్లు స్పీకర్లో వినపడతాయి. తెర మీద అక్షరం వెనక అక్షరం వస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుని ఆలోచించి ఆలోచించి మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆయన ప్రతిసారీ చివర హాములు శుభం కోరుతూ పంపే 73 అన్న అంకె వేసి ఆపేవాడు. ఫోన్లుండగా ఇదంతా ఎందుకని మా బ్రహ్మయ్య భార్య అడిగిందట. ఫోన్లో మెసేజి పెడితే అవతలివాడు తీరికున్నప్పుడు చూస్తాడు. ఆరు గంటలకు మాత్రం అవతల మనిషి కూర్చుని ఉంటాడు. ఆ తేడా ఒంటరిగా ఉండేవాడికి తెలుస్తుంది.

మా ఊరు పలకల ఊరు కాబట్టి నా హాజరు కూడా పలక మీదే. కింది ఇంటాయన ఇచ్చిన పెద్ద పలక రేడియో పక్కన గోడకు ఆనించి ఉంటుంది. ఎవరు పలికితే వాళ్ల ఊరి పేరు, సిగ్నల్ ఎట్లా ఉందో బలపంతో రాసేవాణ్ని. పొద్దున కాఫీ తాగుతూ తడిగుడ్డతో తుడిచేసేవాణ్ని. నోటుపుస్తకాలు నింపిన చెయ్యి కదా, ఇక చాలనుకున్నాను. పలకడం అంటే జవాబివ్వడమే కాబట్టి పలికిన వాళ్లే పలక మీదికి ఎక్కేవారు. పలకని వాళ్లకు అక్కడ చోటు ఉండేది కాదు. అప్పట్లో అది తప్పని నాకు తోచలేదు.

పదహారు చుక్కలు

బ్రహ్మయ్య ఒకరోజు నా తల తినడం మొదలుపెట్టాడు. "ఏంది సార్ ఈ నత్తనడక! లోకమంతా వీడియోలు పంపుకుంటాంటే మనం అక్షరాలు ఏరుకుంటా కూచున్నాం. ఒక ఫొటో పోయేట్టు చెయ్యండి." సుందరరావు కూడా వంత పాడాడు. వాళ్లను ఎందుకనాలి, నాకే చేతులు దురదగా ఉన్నాయి. ఖాదర్ మోడెమ్ తర్వాత కొత్తగా ఏదైనా చేసి నాలుగేళ్లయింది.

పదహారు గుర్తుల పద్ధతి చేశాను. అందులో శబ్దం గట్టిదనాన్ని, దాని ఫేజునూ, అంటే అల ఎక్కడ మొదలవుతుందన్నదాన్ని, రెంటినీ కలిపి మారుస్తారు. తెర మీద చూస్తే నాలుగు వరసల్లో నాలుగేసి చుక్కలు, ముగ్గు వేయడానికి పెట్టినట్టు కనపడతాయి. ఒక ఫొటో నిమిషంలో పోతుంది. నాకూ బ్రహ్మయ్యకూ మధ్య, నాకూ సుందరరావుకూ మధ్య వారం రోజులు పరీక్షించాను. వాళ్లిద్దరివీ కంపెనీ సెట్లు, కొత్తవి. చుక్కలు ముత్యాల్లా నిలబడ్డాయి.

మార్చే ముందు ఖాదర్ ఒక సాయంత్రం అడిగాడు. అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. "నా డబ్బా దానికి పనికొస్తాదా రమణా? ఒకసారి వచ్చి చూడరాదా."

నేను కొట్టిన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "టెస్టులన్నీ అయ్యాయి. పనిచేస్తుంది." కొత్త మోడెమ్‌ను గిద్దలూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. నేను వెళ్లలేదు. కంభం మీదుగా రెండు గంటల ప్రయాణం. కాలికి బలపం కట్టుకుని తిరగాల్సినంత దూరం కూడా కాదు.

ఇంకో పని కూడా చేశాను. ఎనిమిది టోన్లు చెవికి ఇంపుగా ఉండేవి. పదహారు చుక్కల పద్ధతి మాత్రం విడవకుండా మరిగే నూనెలా చెవులు తినేస్తుంది. అందుకని స్పీకర్ కట్టేశాను. తెర చూస్తే చాలు కదా అనుకున్నాను.

మొదటి సాయంత్రం అందరినీ పిలిచాను. పొదిలి పలికింది, ఒక ఆవు ఫొటో పంపింది. త్రిపురాంతకం పలికింది. గిద్దలూరు పలకలేదు. కొత్త మోడెమ్ మూడు సెకన్లు ఆగి, జవాబు లేకపోతే తనే "గిద్దలూరు లేదు" అని కొట్టి పక్క ఊరికి పోతుంది. ఆ ఏర్పాటు నేనే చేశాను. వారం రోజులు పిలిచాను, వారం రోజులూ లేదు.

ఖాదర్‌కు కోపం వచ్చిందనుకున్నాను. పాతదే ఉంచమని పరోక్షంగా అన్నాడు కదా, నేను వినలేదు కదా, అలిగాడనుకున్నాను. ఫోన్లో ఒక్క మెసేజి పెడితే తేలిపోయేది. అలిగినవాణ్ని బతిమాలడం ఎందుకు, ఆయనే వస్తాడులే అని నా మొండితనం. ఎనిమిదో రోజు జాబితాలోంచి గిద్దలూరును తీసేశాను. మోడెమ్ అనవసరంగా మూడు సెకన్లు ఆగకుండా ఉంటుందని నాకు నేను చెప్పుకున్న కారణం. పలక మీద రెండు పేర్లే పడేవి, పొద్దున్నే తుడిచేసేవాణ్ని. ఎండాకాలం మొత్తం అట్లాగే గడిచింది.

నిజం చెబితే ఆ ఎండాకాలం నాకు బాగా గడవలేదు. బ్రహ్మయ్య ఫొటోలు పంపేవాడు, చూసేవాణ్ని, బాగుందని కొట్టేవాణ్ని. హాజరంతా మూడు నిమిషాల్లో అయిపోయేది. ఆరూ మూడుకు కుర్చీలో ఊరికే కూర్చునేవాణ్ని. గది చాలా నిశ్శబ్దంగా ఉండేది.

ఫోను

తొలకరి మొదలయ్యాక ఒక పొద్దున ఫోన్ వచ్చింది. ఖాదర్ భార్య మెహరున్నిసా. గిద్దలూరు వెళ్లినప్పుడల్లా నాకు అన్నం పెట్టిన మనిషి, ఫోన్ చేయడం మాత్రం అదే మొదలు.

"అన్నా, బాగున్నారా?"

"బాగున్నానమ్మా. ఖాదర్ ఎట్లా ఉన్నాడు?"

 ఆమె మెల్లగా అడిగింది. "అన్నా, ఆయన మీద మీకేం కోపం?"

"నాకు కోపమేంటమ్మా! ఆయనే కదా అలిగి రేడియో కట్టేశాడు."

"కట్టేసేదేంది అన్నా? రోజూ ఆరింటికి ఆ మిషను ముందరే కూచుంటాడు. టైపు కొడతాడు. తెర దిక్కే చూస్తాడు. ఎవురూ పలకరు. నిన్న కొట్టి కొట్టి తలకాయ బల్ల మీద పెట్టుకున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. ఫోన్ చేస్తానంటే వద్దంటాడు, అందుకే ఆయనకు చెప్పకుండా చేస్తన్నా."

 వస్తున్నానమ్మా అన్నాను. చొక్కా తొడుక్కుని బస్టాండుకు పోయాను.

నోటుపుస్తకం

ఖాదర్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. నవ్వాలా వద్దా అన్నట్టు చూశాడు. నేను పలకరింపులు కూడా లేకుండా, "రేడియో పెట్టు, పంపు," అన్నాను. నా సంచిలో ఒక చిన్న రిసీవరు, లాప్‌టాప్ ఉన్నాయి.

ఆయన కొత్త మోడెమ్‌లో ఒక మాట కొట్టాడు. అదే గదిలో, మూడడుగుల దూరంలో ఉన్న నా లాప్‌టాప్‌కు అది చేరలేదు. తెర మీద పదహారు చుక్కలుండాల్సిన చోట ఒక గుండ్రటి మసక గీత ఉంది. చూడగానే అర్థమైంది. డబ్బా ఎప్పుడూ పూర్తి జోరులోనే పనిచేస్తుంది. మెల్లని శబ్దమిచ్చినా గట్టిదిచ్చినా అది ఒకే గట్టిదనంతో బయటికి పంపుతుంది. ఎనిమిది టోన్లకు దానివల్ల నష్టం లేదు, అవన్నీ ఒకే గట్టిదనంతో ఉండేవే. పదహారు గుర్తుల పద్ధతిలో గట్టిదనం కూడా అక్షరంలో భాగమే. డబ్బా దాన్ని చదును చేసేస్తోంది. నా మోడెమ్ దాన్ని చెత్తగా లెక్కగట్టి పారేస్తోంది. ఇది ఈ వృత్తిలో మొదటి సంవత్సరం చెప్పే పాఠం. వచ్చి చూడమని ఆయన అడిగింది దీన్నే.

"నీ మాట నాకు అస్సలు రాలేదు ఖాదర్. ఒక్క రోజు కూడా," అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. బల్ల సొరుగులోంచి ఒక లాంగ్ నోటుబుక్కు తీసి నా ముందు పెట్టాడు. హాములు రాసుకునే రోజువారీ పుస్తకం. ఆయన పిల్లల రాత లాంటి గుండ్రటి తెలుగు.

మొదటి రోజు ఇట్లా ఉంది. "ఆరు. రమణ గిద్దలూరు అని పిలిచినాడు. జవాబు ఇచ్చినా. గిద్దలూరు లేదు అన్నాడు." రెండో రోజూ అదే. వారమంతా అదే. ఎనిమిదో రోజు: "ఆరు. పిలవలేదు. పొదిలిని పిలిచినాడు. ఆవు ఫొటో బాగుంది. నేనే పిలిచినా. జవాబు లేదు."

నా సిగ్నల్ గట్టిది. బ్రహ్మయ్యదీ గట్టిదే. మా మాటలన్నీ ఎండాకాలమంతా ఆయన తెర మీదికి చేరుతూనే ఉన్నాయి. మేం నవ్వుకున్నవి, ఫొటోలు, అన్నీ చూశాడు. ఆయన పేరు జాబితాలోంచి పోయిన రోజు కూడా చూశాడు.

పేజీలు తిప్పాను. కొన్నాళ్లకు ఇంకో మాట చేరింది. "పాత ఎనిమిది టోన్లలో కూడా పంపినా. జవాబు లేదు." అక్కడి నుంచి చివరి పేజీ దాకా ప్రతిరోజూ ఆ మాట ఉంది.

 ఆ ఎనిమిది టోన్లు ప్రతి సాయంత్రం మార్కాపురంలో నా గదికి వచ్చాయి. మోడెమ్ వాటి కోసం వెతకడం లేదు సరే, నా చెవికి ఏమైంది? స్పీకర్ తెరిచి ఉంటే వంటగదిలో ఉన్నా గుర్తుపట్టేవాణ్ని. ఒకప్పుడు బోరు షెడ్డులో రోజంతా కూర్చుని నేర్చుకున్న చెవి. దాన్ని నేనే కట్టేసుకున్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. మెహరున్నిసా చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

ఖాదర్ పెన్ను తీసుకుని అదే పుస్తకంలో కింద రాశాడు. "నీకు వినపడలేదా? నిజంగా?"

"నిజంగా," అన్నాను. "తప్పు నాది. మోడెమ్ తప్పు. నిన్ను అడక్కుండా, నీ డబ్బా చూడకుండా చేశాను."

ఆయన భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడని కాసేపటికి అర్థమైంది. మళ్లీ రాశాడు. "మోడెమ్‌దేనా! అయితే ఫరవాలేదు. నేను ఇంకేందో అనుకున్నా."

మెహరున్నిసా ఆ రాత చదివి నా వైపు తిరిగింది. "మూడు నెలలు, అన్నా," అంది.  చాయ్ ఇచ్చింది, తాగాను.

ఇప్పుడు పలక మీద

ఆ సాయంత్రం నుంచి హాజరు మళ్లీ ఎనిమిది టోన్లలోనే. హాజరయ్యాక ఫొటోలు కావాలన్న వాళ్లు పదహారు చుక్కలకు మారి పంపుకోవచ్చు. బ్రహ్మయ్యకు ఫోన్లో సంగతి చెప్పాను. "నా ఆవు ఫొటో తగలెయ్య, నేనే గదా సార్ తొందర పెట్టినా," అన్నాడు. తొందర ఆయనదే, ఎంపిక నాది. ఈ వృత్తిలో ఆ రెండూ వేరని గుర్తుపెట్టుకోండి. అడిగేవాడు వేగమే అడుగుతాడు. అడగలేని వాడి సంగతి చూసుకోవాల్సింది మనం.

పలకకు కూడా కొత్త పద్ధతి పెట్టాను. ఆరుకు ముందే మిగతా మూడు ఊళ్ల పేర్లూ రాస్తాను. ఎవరు పలికితే వాళ్ల పేరు తుడుస్తాను. పలకని వాళ్ల పేరు పలక మీదే ఉంటుంది, పలికే దాకా తుడవను. రెండు రోజులు ఒక పేరు అట్లా నిలిచిందంటే ఫోన్ చేస్తాను, మూడో రోజు బస్సెక్కుతాను. మీరు మోడెములు చేసేటప్పుడు తెర మీద వచ్చిన కబుర్ల లెక్క మాత్రమే చూపించకండి. రావాల్సి ఉండి రానిది ఎవరిదో కూడా చూపించండి. ఆ ఒక్క వరస రాయడానికి అరగంట పని. నేను ముప్పై ఏళ్లలో ఒక్క మోడెములో కూడా రాయలేదు.

ఖాదర్ డబ్బాను మార్చి కట్టిస్తానంటే ఒప్పుకోలేదు. "నా డబ్బాకేమైంది? నీ చుక్కలే మార్చుకో," అని కొట్టాడు. ఆయనన్నదే సరైన ఇంజనీరింగు.

వానాకాలం, చలికాలం ఏ లోటూ లేకుండా గడిచాయి. రోజూ ఆరుకు గిద్దలూరు పలికేది. వాన పడిందా, కందులు ఎట్లా ఉన్నాయి, మోకాలి నొప్పి, మెహరున్నిసా చేసిన ఖీర్, అంతకు మించి మేం మాట్లాడుకున్నదేమీ లేదు. ఆ అర నిమిషం వాక్యాల కోసమే నేను పొద్దున లేచేవాణ్నని ఇప్పుడు సిగ్గు లేకుండా చెప్పగలను.

జబ్బు మళ్లీ తిరగబెట్టిందని ఆయన మాకెవరికీ చెప్పలేదు. చివరిసారి వచ్చిన వాక్యం ఇది. "గాలికి యాంటెన్నా తీగ తెగేట్టుంది, రేపు కడతా, 73." మరుసటి రోజు పలకలేదు. తీగ తెగిందేమో అనుకున్నాను. రెండో రోజు ఫోన్ చేస్తే మెహరున్నిసా తమ్ముడు ఎత్తి, కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయినారని చెప్పాడు. మూడో రోజు నేను బస్సెక్కింది ఆయన్ను మట్టి చేసే చోటుకు. నలుగురితో పాటు నేనూ మూడు పిడికిళ్లు మట్టి వేసి వచ్చాను. మెహరున్నిసా నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. ఆ ఎండాకాలం తర్వాత ప్రతి పేజీలోనూ ఒకటే వరస. "ఆరు. రమణ పిలిచినాడు. పలికినా."

బ్రహ్మయ్య ఈమధ్య మా గదికి వచ్చి పలక చూశాడు. "గిద్దలూరు తుడిపేయండి సార్. ఎన్నాళ్లని పెట్టుకుంటారు," అన్నాడు. మంచి మాటే. కానీ పద్ధతి నేను పెట్టింది, పలికే దాకా తుడవకూడదు. ఒకసారి ఆ పేరును జాబితాలోంచి తొందరపడి తీసేశాను. రెండోసారి ఆ పని చేయడానికి నా చెయ్యి రాదు. బలపం రాత చెదిరిపోతుంటే వారానికోసారి పైన దిద్దుతున్నాను.

ఇప్పటికీ ఆరుకు ముందుగా గిద్దలూరునే పిలుస్తాను. మూడు సెకన్లు కాదు, పూర్తి రెండు నిమిషాలు ఆగుతాను. స్పీకర్ తెరిచే ఉంటుంది. రొద వస్తుంది. ఆ రొద తర్వాత పొదిలిని పిలుస్తాను.